తెర వెనుక మనిషి

రామరావణ యుద్ధం ఎంత జోరుగా సాగుతున్నా, తోలుబొమ్మలాటలో జనం ఎదురుచూసేది నవ్వించే బంగారక్క కోసం. జుట్టుపోలిగాడితో ఆమె పోట్లాట మొదలైతే కునికే ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

నెల్లూరు జిల్లా పల్లెల్లో కోతలయ్యాక ఈ ఆట కట్టేవారు. తెల్లపంచెలు కలిపి తెర, దాని వెనుక ఆముదం దీపాలు. మేకతోలును వెంట్రుక లేకుండా గీకి, వెలుతురు దూరేంత పలచన చేసి, రంగులద్ది, సన్నటి చిల్లులు పొడుస్తారు. అలాంటి బొమ్మ తెరకు ఆనగానే మెడలో హారాలు, చేతి కడియాలు చుక్కల్లా మెరుస్తాయి. ఆడించేవాడు కాళ్ళ కింద చెక్కపలకను దబదబ తొక్కితే అదే యుద్ధం. పాట అతనిదే, మాట అతనిదే. హాస్యపాత్ర కేతిగాడి నోట ఊరి సంగతులూ కలిపేవాడు. జనం నవ్వితే ఆ మాట పొడిగించేవాడు, నవ్వకపోతే వదిలేసి ముందుకు పోయేవాడు. 2008లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ కళకు అసలు బలం అదే. బొమ్మ మాట్లాడేది, తెర వెనుక మనిషి వినేవాడు.

ఆ తర్వాత పల్లెల్లో మాట్లాడింది రేడియో. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. అప్పటికి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. పంచాయతీ రేడియో చుట్టూ సాయంత్రం పెద్దలు చేరేవారు. రేడియో మాట్లాడేది గానీ వినేది కాదు. ఆ లోటు పక్కన కూర్చున్నవాళ్ళు తీర్చేవారు.

తర్వాత పిల్లలు చెన్నైకి, హైదరాబాదుకి, అమెరికాకి వెళ్ళారు. పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు.

వృద్ధుల ఒంటరితనం జపానును ముందే తాకింది. అక్కడ శిబాత తకనోరి 1993లో మొదలుపెట్టిన పని 'పారో' అనే సీలు పిల్ల బొమ్మ అయింది. నిమిరితే కదులుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. 2009లో అమెరికా దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. 2022లో న్యూయార్క్ రాష్ట్రం ఒంటరి వృద్ధుల కోసం 'ఎల్లీక్యూ' అనే మాటాడే యంత్రాలను 800కు పైగా తీసుకుంది.

మన దగ్గరా ఒక బొమ్మ వచ్చింది. 2017 నవంబరు 28న హైదరాబాదులో జరిగిన ఒక సదస్సులో ప్రధానికి, ఇవాంకా ట్రంప్‌కు స్వాగతం పలికిన బెంగళూరు రోబో 'మిత్ర'. 2020 కోవిడ్‌లో నోయిడాలోని ఒక ఆసుపత్రిలో, దాని ఛాతీకి బిగించిన తెర మీద రోగులు తమవాళ్ళ ముఖాలు చూసుకున్నారు. రోబో నేర్చిన పలకరింపుల కన్నా ఆ ముఖాలే వాళ్ళకు ఊరట. ఇక్కడా తెర వెనుక మనిషే ఉన్నాడు.

అందుకే నెల్లూరు తీరాన మైపాడులోనో ఇసకపల్లిలోనో ఒంటరిగా ఉన్న అవ్వ ముందు రేపు ఏ యంత్రం పెట్టినా, అది "ఎట్టుండావవ్వా" అని ఈ తీరపు యాసలో పలకాలి. ఆమె జవాబు వినే మనిషి ఒకరు అవతల ఉండాలి.

అలాంటి మనిషి, పింఛను తెచ్చే ఉద్యోగి, ఇప్పటికే నెలకోసారి గుమ్మం తొక్కుతున్నాడు. 1995లో కేంద్రం 75 రూపాయలతో మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను, 2020 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో ఇంటికే రావడం మొదలైంది. 2024 జులై నుంచి అది 4,000 రూపాయలైంది. డబ్బు చేతిలో పెట్టాక పది నిమిషాలు అరుగు మీద కూర్చుని కబుర్లు వినడం కూడా ఆ ఉద్యోగంలో భాగమని ప్రభుత్వం రాసిపెట్టాలి.