ఒంటిమీద వెంట్రుకల సరిహద్దులు

సౌదీ ఎడారుల్లో తిరిగే ఇసుక పిల్లికి అరికాళ్ల నిండా దట్టమైన బొచ్చు. పగటి ఇసుక సెగ నుంచీ, రాత్రి చలి నుంచీ దాని పాదాలను కాచేది అదే. ఆ ఇసుకమీదే తరతరాలుగా బతికిన మనిషి అరికాలు మాత్రం నున్నన. అరచేతులు, పెదవులు కూడా అంతే. మిగతా ఒంటిమీద దాదాపు అంతటా, కంటికి ఆనని నూగైనా ఉంటుంది.

ఈ హద్దులు తల్లి కడుపులోనే పడతాయి. మూడో నెల ప్రాంతంలో కనుబొమలు, పై పెదవికి ఎగువన, గడ్డం దగ్గర రోమకూపాలు మొదలై, ఆపైన ఒళ్లంతా పరుచుకుంటాయి. పుట్టేనాటికి సుమారు 50 లక్షలు. అందులో తలమీదివి లక్ష దాకా. తర్వాత మామూలుగా కొత్తవి పుట్టవు. పడుచుదనంలో వచ్చే మీసం సైతం పాత నూగే. హార్మోన్ల వల్ల ముదురుతుంది.

మరి అరికాలిని వదిలేసిందేమిటి? రోమకూపం ఏర్పడాలంటే చర్మంలో 'వింట్' అనే సంకేతం నడవాలి. ఎలుకల అరికాలి చర్మంలో డీకేకే2 అనే ప్రోటీన్ దానికి అడ్డుపడుతోందని 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన సారా మిల్లర్ బృందం తేల్చింది. ఆ ప్రోటీన్ లేకుండా చేస్తే, బోసిగా ఉండే చోటా వెంట్రుకలు మొలిచాయి. పాదాల అడుగున బొచ్చుండే కుందేళ్లలో అది సహజంగానే తక్కువ.

మొలవాల్సిన చోట మొలవకపోతే? ఆ కథ రియాద్‌లో ఉంది. కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆస్పత్రి వైద్యులు నికొలస్ వుడ్‌హౌస్, నాదియా సకాటి 1983లో సౌదీ కుటుంబాల్లో ఒక వింత జబ్బును నమోదు చేశారు: చిన్ననాటి నుంచే పలచబడే జుట్టు, ఈడేరకపోవడం, మధుమేహం, చెవుడు. కారణమైన జన్యువును 2008లో ఫౌజాన్ అల్‌కురయా బృందం పట్టుకుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే అందితేనే జబ్బు బయటపడుతుంది. మేనరికాలు ఎరిగిన మనకు ఈ లెక్క కొత్త కాదు.

ఏటా హజ్ యాత్రలో భాగంగా, ఇస్లామీ పంచాంగంలోని జిల్హిజ్జ నెల 10న మక్కా పక్కనున్న మినాలో మాత్రం లక్షల తలలు ఇష్టపూర్వకంగా బోడులవుతాయి. ప్రవక్త మహమ్మద్ 632లో తన చివరి హజ్‌లో అక్కడే గుండు చేయించుకున్నారు. మగవారు గుండు చేయించుకుంటారు, లేదా జుట్టు కత్తిరించుకుంటారు; ఆడవారు వేలికొస మేర తీయించుకుంటారు. కుదురు చర్మం లోపల భద్రం కనుక, ఇంటికి చేరేలోపే మళ్లీ గరుకు తేలుతుంది. మరి తలమీద వెంట్రుకే లేని హాజీ సంగతి? ఉత్త కత్తినే నెత్తిమీద పోనివ్వమని ధర్మశాస్త్ర పండితులు ఏనాడో చెప్పారు.