పేరు పక్కన సున్నా: ఆన్‌లైన్ వేలంలో కొత్త పాటదారుడి చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక సున్నా గురించి మాట్లాడుకుందాం.

మీ తాతగారి పాత రిస్ట్ వాచ్ ఒకటి ఉంది అనుకోండి. మంచి కంపెనీది, ఇంకా నడుస్తోంది. ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. వారం రోజులు పాట మెల్లగా పెరిగింది. చివరి గంటలో ఎవరో వచ్చి ఒక్కసారిగా రేటు డబుల్ చేశారు. సంతోషంగా పేరు మీద నొక్కి చూస్తే పక్కన బ్రాకెట్లో సున్నా. అకౌంట్ ఈ రోజు పొద్దున్నే తెరిచారు. ఇంతకుముందు ఏమీ కొనలేదు, ఏమీ అమ్మలేదు. ఇప్పుడు ఏం చేస్తారు? పాట రద్దు చేస్తారా, ఉంచుతారా?

రద్దు చేస్తే నిజంగా కొనేవాణ్ణి పోగొట్టుకున్నట్టు కావచ్చు. ఉంచితే, ఆ రేటు చూసి వెనక్కి తగ్గిన అసలు పాటదారులు పోవచ్చు. ఈ ఇరకాటం వయసు దాదాపు ముప్ఫై ఏళ్ళు. దాన్ని తప్పించుకోవడానికి మనుషులు ఏమేం చేశారో చూస్తే, మనం ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

కథ 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో మొదలైంది. పియెర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక సైట్ పెట్టాడు. తర్వాత అదే ఈబే అయింది. అక్కడ మొదట్లో అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్ అని, 14.83 డాలర్లు పలికిందని చెబుతారు. ఇది పని చేయదని తెలుసా అని ఒమిడ్యార్ అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తానని కొన్నాయన చెప్పాడట. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య వ్యాపారం జరుగుతుందని ఆ రోజు అర్థమైంది.

మరి మోసం జరిగితే? అప్పట్లో డబ్బు పోస్టులో చెక్కుగానో, మనీ ఆర్డరుగానో వచ్చేది. పాట గెలిచినవాడు ఉత్తరం రాయకుండా మాయమైతే అమ్మినవాడు వారాల తరబడి ఎదురు చూడటమే. ఫిర్యాదులన్నీ ఒమిడ్యార్ ఈమెయిల్‌కే వచ్చేవి. ప్రతి తగాదాకీ తాను పెద్దమనిషిగా కూర్చోలేడు కదా. అందుకే 1996 ఫిబ్రవరిలో ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టాడు. లావాదేవీ బాగుంటే ప్లస్ ఒకటి, బాగాలేకపోతే మైనస్ ఒకటి, అటూ ఇటూ కాకపోతే సున్నా. ఆ మొత్తం మీ పేరు పక్కన బ్రాకెట్లో కనిపిస్తుంది.

నా దృష్టిలో వేలంపాటల చరిత్రలో ఇది పెద్ద మలుపు. ఎందుకో చెప్తాను. మన ఊళ్ళో చీటీ పాట ఎలా నడుస్తుంది? అందరూ తెలిసినవాళ్ళే. ఎవరి ఇల్లెక్కడ, ఎవరి మాట ఎంత నిలుస్తుంది అన్నది నోటిలెక్క. కొత్తవాడు వస్తే జామీను అడుగుతారు. సర్కారు వేలంలో అయితే ధరావతు కట్టకుండా పాటలోకే రానివ్వరు. ఊరు, జామీను, ధరావతు అనే ఈ మూడూ చేసే పనిని ఈబే ఒక్క అంకెతో చేయించాలని చూసింది.

చాలావరకు చేయించింది కూడా. కానీ ఆ అంకెతో పాటే ఒక కొత్త కులం పుట్టింది, సున్నాల కులం. వాళ్ళని నమ్మరు. చాలామంది అమ్మకందారులు, పదిలోపు ఫీడ్‌బ్యాక్ ఉన్నవాళ్ళు ముందు మాకు మెయిల్ చేయండి, లేకపోతే మీ పాట తీసేస్తాం అని ప్రకటనలోనే రాసేవారు.

వాళ్ళ భయం ఊరికే పుట్టలేదు. 1999 సెప్టెంబరులో ఎవరో ఈబేలో మనిషి కిడ్నీనే వేలానికి పెట్టారు. కంపెనీ గమనించి తీసేసేలోపు పాట 57 లక్షల డాలర్లకు పోయింది. అంత డబ్బు కట్టే ఉద్దేశం పాడినవాళ్ళలో ఎంతమందికి ఉండి ఉంటుంది? బటన్ నొక్కడానికి ఖర్చు లేనప్పుడు మాటకి బరువుండదు. తర్వాత 15,000 డాలర్లు దాటి పాడాలంటే క్రెడిట్ కార్డు వివరాలు ఇవ్వాలని ఈబే నియమం పెట్టింది. చూశారా, తిరిగి తిరిగి ధరావతు దగ్గరికే వచ్చారు.

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. 2000 మే నెలలో ఈబేలో ఒక పెద్ద రంగుల పెయింటింగ్ వేలానికి వచ్చింది. మొదటి పాట 25 సెంట్లు. రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే ప్రసిద్ధ చిత్రకారుడిది అయ్యుండవచ్చని జనం ఊహించుకున్నారు. ధర 1,35,805 డాలర్లకు చేరింది. తీరా చూస్తే అమ్మినవాడే ఇంకో పేరుతో తన వస్తువు మీద తానే పాడాడని బయటపడింది. ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. తర్వాత ముగ్గురి మీద కేసు నడిచింది. నలభైకి పైగా యూజర్ ఐడీలతో ఒకరి వస్తువుకి ఒకరు పాట పెంచుకుంటూ, ఒకరికొకరు మంచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చుకుంటూ వచ్చారని తేలింది.

అందరూ సున్నాని చూసి భయపడుతుంటే, అసలు మోసం మంచి అంకెల వెనక కూర్చుంది.

ఆ మరుసటి ఏడాది, 2001లో, ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెజ్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీదే ఒక పేపర్ రాశారు. వాళ్ళ వాదన నా మాటల్లో చెప్తాను. ఇంటర్నెట్‌లో పేరు ఉచితం. చెడ్డపేరు తెచ్చుకున్నవాడు దాన్ని పారేసి, కొత్త పేరుతో సున్నా నుంచి మొదలుపెట్టవచ్చు. అందుకే కొత్తవాళ్ళందరినీ కొంతకాలం అనుమానంగా చూడక తప్పదు. మోసగాడు పేరు మార్చినందుకు కట్టాల్సిన జరిమానాని నిజాయితీగా వచ్చిన కొత్తవాడు కడుతున్నాడన్నమాట. దీనికి మందు ఏమిటంటే, చేరేటప్పుడు ఎంతో కొంత రుసుము పెట్టడం, లేదా ఒక మనిషికి జీవితంలో ఒకే పేరు ఇవ్వడం.

ఈ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే ఇవాళ వెయ్యి ఫీడ్‌బ్యాక్ ఉన్న ప్రతివాడూ ఒకరోజు సున్నాయే. ఎవరో ఒకరు మొదటిసారి నమ్మబట్టే వాళ్ళకి ఒకటి వచ్చింది. ఎవరూ కొత్తవాళ్ళకి అమ్మకపోతే సంత అక్కడే ఆగిపోతుంది.

తర్వాత 2008 వచ్చింది. అంతవరకు అమ్మినవాళ్ళు కూడా కొన్నవాళ్ళకి మైనస్ ఇవ్వగలిగేవారు. నువ్వు నాకు మైనస్ ఇస్తే నేను నీకు ఇస్తాను అనే పగ ఎక్కువైంది. భయంతో జనం నిజం రాయడం మానేశారు. అందుకని ఆ ఏడాది మే నుంచి అమ్మకందారులు కొన్నవారికి మైనస్ ఇవ్వకుండా ఈబే ఆపేసింది. చాలామంది అమ్మకందారులు మండిపడ్డారు, ఫిబ్రవరిలోనే వారం రోజులు బహిష్కరణ కూడా చేశారు.

దీని ఫలితం గమనించండి. ఆ తర్వాత అక్కడ పాటదారుడి పేరు పక్కన 500 ఉంటే అది అతని గుణం గురించి చెప్పేది తక్కువ, అతను ఎంతకాలంగా ఉన్నాడో చెప్పేది ఎక్కువ. మైనస్ రాయడానికే వీల్లేని చోట వంద శాతం అంటే ఏముంది?

పెద్ద వేలం సంస్థలకి కూడా ఈ పాఠం తప్పలేదు. 2009 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టీస్ వాళ్ళు బీజింగ్ పాత వేసవి రాజప్రాసాదం నుంచి పోయిన రెండు కంచు తలలను, ఎలుక, కుందేలు తలలను, వేలం వేశారు. ఫోనులో పాడిన చైనా వ్యక్తి త్సాయ్ మింగ్‌చావో మొత్తం 3.1 కోట్ల యూరోలకు పైగా పాడి గెలిచాడు. తర్వాత విలేకర్ల ముందుకొచ్చి డబ్బు కట్టనని చెప్పాడు. దోచుకుపోయిన మన వస్తువుకి మనమే డబ్బిచ్చి కొనడమేమిటన్నది అతని వాదన. అది న్యాయమా కాదా అన్నది వేరే ఎపిసోడ్. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే: అతను సున్నా కాదు. 2006లో హాంకాంగ్‌లో కోట్లు పెట్టి బుద్ధ విగ్రహం కొన్న పేరున్న మనిషి. ఆ తలలు చివరికి 2013లో కానుకగా చైనాకి చేరాయి.

మన దేశంలోనూ ఈ కథకి ఒక ముక్క ఉంది. బాజీ డాట్‌కామ్‌ని ఈబే 2004లో కొన్నది. అక్కడ పైసాపే అనే పద్ధతి ఉండేది. కొన్నవాడి డబ్బు ముందు మధ్యలో ఆగి, తర్వాత అమ్మినవాడికి చేరేది. ఎవరు కొత్త, ఎవరు పాత అనే గొడవ అక్కడ సగం తీరిపోతుంది. ఈబే ఇండియా 2018లో మూతపడింది కానీ ఆ ఆలోచన చచ్చిపోలేదు.

సరే, మళ్ళీ మీ వాచ్ దగ్గరికి వద్దాం. ఈ చరిత్ర అంతా చూశాక నేను చెప్పేది ఇదీ. సున్నాని చూసి పాట కొట్టేయకండి. పాట ముగియకముందే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ఎక్కడికి పంపాలి, డబ్బు ఎలా కడతారు అని. నిజంగా కొనేవాడు జవాబిస్తాడు, పైగా వస్తువు గురించి నాలుగు ప్రశ్నలు వేస్తాడు. జవాబు రాకపోతే, లేదా సైట్ బయట మాట్లాడుకుందాం రమ్మంటే, అప్పుడు సైట్ నియమాల ప్రకారం పాట తీసేయండి. విలువైన వస్తువైతే ముందు డిపాజిట్ అడిగే చోటే అమ్మండి. డబ్బు అకౌంట్‌లో పడ్డాకే పార్సిల్ కదలాలి. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. డబ్బు మీకు రావడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి. యూపీఐలో పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. ఇంకా, రెండో స్థానంలో ఉన్న పాటదారుడిని మర్చిపోకండి. గెలిచినవాడు జారిపోతే చాలా సైట్లలో అతనికి అదే వస్తువు ఇవ్వజూపవచ్చు.

ఈ జాగ్రత్తలన్నీ సున్నాకీ పెట్టండి, వెయ్యికీ పెట్టండి. అందరికీ ఒకే రూలు ఉంటే కొత్తవాడికి అవమానం లేదు, పాతవాడికి సందు లేదు.

మీరు మొదటిసారి ఆన్‌లైన్‌లో ఏదైనా కొన్నప్పుడు, ఏమీ అడక్కుండా మిమ్మల్ని నమ్మిన అమ్మకందారు ఎవరో కామెంట్లలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.