ఏకకళాకారుని మండపము
1855లో పారిస్ మహాప్రదర్శనమునకు గుస్తావ్ కూర్బే పంపిన చిత్రములలో 11 గైకొనియు, మిక్కిలి విశాలమైన ‘చిత్రకారుని కర్మశాల’ను నిర్ణాయకసంఘము త్రోసివేయగా, అతడు ఆ ప్రదర్శనశాల చెంతనే, మిత్రుడు బ్రుయా ధనసాహాయ్యముతో, వేఱొక మండపము నెత్తించి, తన కృతులు మాత్రమే సుమారు 40 నెలకొల్పి, ప్రవేశరుసుముగా ఒక ఫ్రాంకు విధించెను. జనము పలుచన, రుసుము తగ్గింపవలసివచ్చెను. అయినను చిత్రకారుడు దెలక్ర్వా, ఆ మహాప్రదర్శనమున స్వయముగా సత్కృతుడయ్యును, ఒకనాడచ్చట ఏకాకియై గంటకు దాపుగా నిలిచి, త్రోసివేయబడిన ఆ చిత్రమును శ్లాఘించెను. తీర్పరులకు ఇంతకన్న తగిన యుత్తరము వేఱొకటి గలదా? 1867లో చిత్రకారుడు మానే ఆ త్రోవనే పట్టెను. శిల్పమున కట్టి యోగము 1900లో గలిగెను: పారిస్‌లోని ఆల్మా కూడలియందు శిల్పి రోదాఁ తన సొంతమండపమున సుమారు 150 శిల్పములను, హెచ్చుగా ప్లాస్టరు ప్రతిమలను, నిలిపి, పిమ్మట ఆ మండపమునే విప్పించి మ్యూదోన్‌లోని తన యింటికి తరలించుకొనిపోయెను.