ముతబ్బక్ మడతల్లో జెద్దా

సింగపూర్‌లో నార్త్ బ్రిడ్జ్ రోడ్డు మీద, సుల్తాన్ మసీదుకి ఎదురుగా, జమ్‌జమ్ అని ఒక హోటలుంది. 1908 నుంచీ ఉంది. ఒకప్పుడు పెనాంగ్, సింగపూర్ వీధుల్లో ఒంటరిగా తిరిగిన రోజుల్లో అక్కడ ముర్తబక్ తిన్నాను. పల్చగా సాగదీసిన పిండిలో గుడ్డు, ఉల్లిపాయ, ఖీమా పెట్టి, నాలుగువైపులా మడిచి, పెనం మీద కాలుస్తారు. ఆ హోటల్లో బీరు దొరకదు. తిన్నాక రెండు వీధులు దాటి వెళ్ళి చల్లటి టైగర్ తాగాను. 1932 నుంచి ఆ ఊళ్ళో కాస్తున్న బీరది. ఒంటరి ప్రయాణికుడికి అంతకంటే ఏం కావాలి?

కానీ ఒక ప్రశ్న మాత్రం వెంటబడింది. మక్కాలో ఉన్న బావి పేరు సింగపూర్ హోటలుకి ఎందుకొచ్చింది? దానికి జవాబు నాకు జెద్దాలో దొరికింది.

జెద్దా వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా పెద్దబాపు అక్కడ పదకొండేళ్ళు కూలిపని చేశాడు. జగిత్యాల దగ్గర మా ఊరికి సెలవు మీద వచ్చినప్పుడల్లా టాంగ్ డబ్బాలు, నిడో డబ్బాలు, ఖర్జూరాలు తెచ్చేవాడు. కథలు మాత్రం తెచ్చేవాడు కాదు. "ఎట్లుంటది పెద్దబాపూ ఆ ఊరు?" అని అడిగితే, "ఏముంటది బిడ్డా, ఎండుంటది, పనుంటది" అనేవాడు. అంతే. 2019 సెప్టెంబరులో సౌదీ టూరిస్టు వీసాలివ్వడం మొదలుపెట్టాక, ఆ ఎండని చూసొద్దామని బయల్దేరాను.

పాత జెద్దాని అల్ బలద్ అంటారు. ఖలీఫా ఉస్మాన్ 647లో దీన్ని మక్కాకి రేవుగా చేశాడు. అప్పట్నుంచీ ఈ ఊరి పని ఒక్కటే, సముద్రం మీద వచ్చినవాళ్ళని మక్కాకి పంపడం. ఇళ్ళు ఎర్రసముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టారు. ముందుకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలని రవాషీన్ అంటారు. వాటికి వాడిన టేకు మన దేశంనుంచీ, జావానుంచీ ఓడల్లో వచ్చింది. ఊరి చుట్టూ ఉన్న గోడని 1947లో కూల్చేశారు. 2014లో ఈ పాత ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

సూక్ అల్ అలవీ బజారులో నడుస్తూంటే నసీఫ్ ఇల్లు వస్తుంది. 1925 చివర జెద్దాని గెలుచుకున్న రాజు అబ్దుల్ అజీజ్ దిగింది ఇందులోనే. ఒకప్పుడు దీన్ని 'చెట్టున్న ఇల్లు' అనేవారట. నీళ్ళకి కటకటలాడే ఊరు కదా, చెట్టే ఒక చిరునామా. దగ్గరికి వెళ్ళి చూస్తే అది వేపచెట్టు! మన ఇంటిముందు చెట్టు అంత దూరంలో కనబడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాసేపు దాని కిందే నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఒక బండి దగ్గర ముతబ్బక్ అని రాసుంటే ఆగాను. అదే పల్చటి పిండి, అదే గుడ్డు, ఉల్లిపాయ, ఖీమా, అవే మడతలు. అరబ్బీలో ముతబ్బక్ అంటే మడిచినది. సింగపూర్‌లో ముర్తబక్, ఇండోనేషియాలో మార్తబాక్. పేరు ఓడెక్కి కొంచెం నలిగింది, అంతే.

ఆ ఓడల సంగతి చెప్పాలి. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలు పెరిగాయి, తూర్పునుంచి హజ్ యాత్రికులు వేలల్లో రావడం మొదలైంది. డచ్చివాళ్ళు తమ పాలనలోని ద్వీపాలనుంచి వచ్చేవాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి 1872లో జెద్దాలో కాన్సులేటు పెట్టారు. ఆ ప్రాంతంవాళ్ళందరినీ మక్కాలో 'జావీ' అనేవారు. చాలామంది తిరిగి వెళ్ళలేదు. ఫతానీ, జావా అన్న ఇంటిపేర్లు హిజాజ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఫతానీ అంటే థాయిలాండ్‌లోని పట్టానీవాళ్ళు. బుఖారీ ఇంటిపేరువాళ్ళు మధ్య ఆసియావాళ్ళు, వాళ్ళ బుఖారీ అన్నం, మంతూ ఇప్పుడు జెద్దా సొంత వంటలైపోయాయి.

రెండువైపులా మధ్యవర్తులు యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు. సింగపూర్‌లో ఓడల కంపెనీలు నడిపిందీ వాళ్ళే, మన నిజాం సైన్యంలో పనిచేసిందీ వాళ్ళే. హైదరాబాదు బార్కస్ అంటే బ్యారక్స్, ఆ సైనికుల నివాసం. నిజాం కొలువులో జమాదారుగా ఉన్న ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశం హద్రమౌత్‌లో రాజ్యమే ఏలింది. మనం రంజాన్‌లో క్యూ కట్టి తినే హలీమ్ వెనక అరబ్బుల హరీస్ ఉంది. అంటే బార్కస్, జెద్దా, సింగపూర్ ఒకే దారిలో మజిలీలు.

ఆ దారిలో ఒక ఓడ పేరు కూడా జెద్దాయే. సింగపూర్‌లోని హద్రమీ కుటుంబం అల్ సగాఫ్‌లది. 1880 జూలైలో దాదాపు వెయ్యిమంది యాత్రికులతో పెనాంగ్ నుంచి బయల్దేరింది. ఆగస్టులో గార్దఫుయ్ అగ్రం దగ్గర తుఫానుకి నీళ్ళు ఎక్కుతుంటే, కెప్టెనూ తెల్ల ఆఫీసర్లూ పడవెక్కి పారిపోయారు. ఇంకో ఓడ వాళ్ళని ఏడెన్ చేర్చింది, జెద్దా మునిగిపోయిందని చెప్పారు. కొద్ది సమయంలోనే ఆంటెనర్ అనే ఓడ దాన్ని లాక్కుంటూ యాత్రికులతో సహా ఏడెన్ రేవులోకి తెచ్చింది! కెప్టెన్ లైసెన్సు మూడేళ్ళు రద్దు చేశారు. జోసెఫ్ కాన్రాడ్ ఈ సంఘటన ఆధారంగానే 1900లో 'లార్డ్ జిమ్' రాశాడు. ఓడ పేరు మాత్రం పాట్నా అని మార్చాడు.

గొప్ప నవల, కాదనను. కానీ అందులో కథంతా పారిపోయిన ఒక్కడి సిగ్గు గురించి. ఓడలో మిగిలిన వెయ్యిమంది నీళ్ళు తోడుకుంటూ ఏం మాట్లాడుకున్నారో, ఏం తిన్నారో ఎవరికీ పట్టలేదు.

ముతబ్బక్‌తో బార్బికన్ సీసా కొన్నాను. బార్లీ పానీయం, మత్తు శాతం సున్నా. బీరు లేని బీరన్నమాట. సౌదీలో విదేశీయులకి ఒకప్పుడు మందు తెప్పించుకునే వీలుండేది. 1951 నవంబరులో ఇక్కడే, జెద్దాలో, ఒక విందులో ఇంకా మందు పొయ్యలేదని రాకుమారుడు మిషారీ, బ్రిటిష్ వైస్ కాన్సుల్ సిరిల్ ఉస్మాన్‌ని కాల్చి చంపాడు. కొడుకు చేసిన పనికి రాజు అబ్దుల్ అజీజ్ మరుసటి ఏడాది దిగుమతి పూర్తిగా ఆపేశాడు. 2024 జనవరిలో రియాద్‌లో ముస్లిమేతర దౌత్యవేత్తల కోసం ఒక దుకాణం తెరిచారు. మామూలు జనానికి సున్నా శాతమే.

ఈ ప్రాంతంలో కాఫీని కూడా నిషేధించారంటే నమ్ముతారా? 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ కాఫీ తాగకూడదన్నాడు. జనం కూడి కబుర్లు చెప్పుకుంటున్నారని అతని భయం. కైరోలోని సుల్తాను ఆ నిషేధాన్ని నిలవనివ్వలేదు. తరవాత బాబా బుడన్ హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు కన్నడ కొండలకి తెచ్చాడని ఐతిహ్యం. 1690లలో డచ్చివాళ్ళు మలబారు నుంచి మొక్కలు జావాకి పట్టుకెళ్ళారు. మన ఫిల్టరు కాఫీకీ జావా కాఫీకీ మూలం ఎర్రసముద్రపు ఒడ్డే.

మక్కా గేటు, బాబ్ మక్కా దాకా నడిచాను. ఆ పైన మక్కా ఊళ్ళోకి ముస్లిమేతరులు వెళ్ళకూడదు. నిజాం సంస్థానపు యాత్రికుల కోసం మక్కాలో కట్టిన రుబాత్‌లు, అంటే సత్రాలు, నేను చూడలేను. అక్కడే ఒక అరుగు మీద కూర్చుని పెద్దబాపుకి వీడియో కాల్ చేసి, పొట్లం విప్పి చూపించాను.

"అరె, ముతబ్బక్!" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు. "జీతమొచ్చిన వారం ఒక్కటి తెచ్చుకునేటోళ్ళం. రూముల ఎనిమిదిమందిమి. సిరిసిల్లాయన కోసేటోడు, ముక్క చిన్నదైతే లొల్లి. పక్కరూముల ఇండోనేషియాయన ఉండె. మా ఊళ్ళె కూడా ఇదే తింటరు అని ఏడ్శిండు ఒకనాడు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"ఎవడడిగిండు? ఎంత సంపాయించినవ్ అనే అడిగిరి అందరు."

నిజమే, నేనూ అడగలేదు. ఊరెట్లుంటదని అడిగాను గానీ నువ్వేం తిన్నావని అడగలేదు. ఒంటరిగా తిరిగి, తిని, తాగి రాసుకునే నాలాంటివాళ్ళు కాన్రాడ్ లాగే మన సంగతే రాసుకుంటాం. పదకొండేళ్ళు ఉన్నవాళ్ళ చరిత్ర వాళ్ళ నోట్లోనే ఉండిపోతుంది.

మీ ఇంట్లో గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళుంటే ఈసారి జీతం సంగతి వదిలేసి, అక్కడేం తినేవాళ్ళో అడగండి. మా పెద్దబాపు ఆ రాత్రి గంటన్నర మాట్లాడాడు. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆపాం. మళ్ళీ వారం ఆయనే ఫోన్ చేశాడు.