ఓడరేవు ఉల్సాన్, వాగు ఒడ్డు పటాన్‌చెరు: పారిశ్రామికీకరణకు చెల్లించిన మూల్యం

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత మీరు ప్రభుత్వ నిర్ణయంతో ఎదిగిన రెండు పారిశ్రామిక ప్రాంతాలను పోల్చగలుగుతారు. వ్యర్థజలాల సమస్యను చారిత్రక దృష్టితో వివరించగలుగుతారు.

1. పరిచయం

పారిశ్రామిక ప్రాంతాలు వాటంతటవే ఏర్పడవు. స్థలం ఎంపిక, భూసేకరణ, రాయితీలు, రోడ్లు, విద్యుత్తు అన్నీ ప్రభుత్వ నిర్ణయాలే. ఈ నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తరచుగా వెనక్కి పోయింది: కర్మాగారం నుంచి బయటికి వచ్చే నీరు ఎక్కడికి చేరుతుంది? దక్షిణ కొరియాలోని ఉల్సాన్, మన సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు ఈ ప్రశ్నకు రెండు ఉదాహరణలు.

2. ఉల్సాన్ అనుభవం

ఉల్సాన్ ఒకప్పుడు చేపలు, తిమింగలాల వేటపై ఆధారపడిన తీరప్రాంతం. 1962లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం దానిని ప్రత్యేక పారిశ్రామిక ప్రాంతంగా ప్రకటించింది. 1964లో చమురు శుద్ధి కర్మాగారం, 1968లో హ్యుందాయ్ కార్ల కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టాయి. 1970లలో భారీ నౌకా నిర్మాణ కేంద్రం వెలిసింది. ముడిసరుకు దిగుమతికీ, తయారైన సరుకు ఎగుమతికీ ఓడరేవు తోడ్పడింది.

అయితే పక్కనే ఉన్న ఒన్సాన్ పారిశ్రామికవాడ గ్రామాలలో కీళ్ల నొప్పులు, చర్మవ్యాధులు వ్యాపించాయి. 1985లో ఇవి 'ఒన్సాన్ వ్యాధి' పేరుతో దేశమంతటా చర్చకు వచ్చాయి. ఇది కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధి అని ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా వేలాది నివాసులను వేరే చోటికి తరలించింది. మురికికూపంగా మారిన తేహ్వా నదిని ఆ తరువాతి దశాబ్దాలలో శుభ్రం చేశారు. 2019లో దాని ఒడ్డు జాతీయ ఉద్యానవనమైంది.

3. పటాన్‌చెరు ఎదుగుదల

1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. మెదక్ వెనుకబడిన జిల్లా కావడంతో పరిశ్రమలకు రాయితీలు లభించాయి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం వరుసగా పారిశ్రామిక వాడలయ్యాయి. 1970 నాటి పేటెంట్ చట్టం ఔషధాల తయారీకి ఊతమిచ్చింది. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో అనుభవం గడించిన వారిలో కొందరు సొంత సంస్థలు స్థాపించారు. ఈ ప్రాంతం క్రమంగా ఔషధ ముడిపదార్థాల కేంద్రమైంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఉల్సాన్‌కు సముద్రం ఉంది. పటాన్‌చెరుకు ఉన్నది చిన్న వాగులే. వ్యర్థజలాలు ఇసకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరి వైపు సాగాయి. ఈ వాగుల నీటితో వరి పండించిన రైతుల పొలాలు, బావులు, చెరువులు పాడయ్యాయి. పాడిపశువులు నష్టపోయాయి.

4. న్యాయపోరాటం

స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గ్రామస్థులతో కలిసి ఈ సమస్యను వెలుగులోకి తెచ్చారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. నష్టంపై జిల్లా న్యాయమూర్తి విచారణ జరిగింది. రైతులకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. 2001లో కేసు హైకోర్టుకు, తరువాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2017లో ట్రైబ్యునల్ తీర్పు వచ్చింది. అంటే పిటిషన్ వేసిన నాటి నుంచి 27 ఏళ్లు గడిచాయి.

ఈలోగా 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ఏర్పడింది. అయితే స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే ఇది ఎక్కువ. ఇటువంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి.

తరువాత సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధిచేసిన జలాలను నగర మురుగు కాలువల ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి అవి మూసీలో కలుస్తాయి. మంజీర గోదావరి ఉపనది, మూసీ కృష్ణ ఉపనది. సమస్య ఒక నదీ పరీవాహకం నుంచి మరొక దానికి మారింది.

5. సారాంశం

రెండు చోట్లా ఉపాధి పెరిగింది, ఎగుమతులు పెరిగాయి. రెండు చోట్లా మూల్యం ముందుగా చెల్లించినవారు దిగువన ఉన్న గ్రామస్థులే. పరిశ్రమ లాభం వెంటనే లెక్కకు వస్తుంది. నీటికి జరిగిన నష్టం లెక్కకు రావాలంటే ప్రజలు దశాబ్దాల పాటు అడుగుతూ ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంగా ఎదగడానికి గల కారణాలను వివరించండి.
2. వ్యర్థజలాలను మూసీకి మళ్లించడం పరిష్కారమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.