భాషా విధానంలో ఆదివాసుల వాణి: సాక్చి నుంచి ఎనిమిదవ షెడ్యూలు వరకు

జంషెడ్‌పూర్‌లో రద్దీ బజారుగా పేరొందిన సాక్చి ఒకప్పుడు ఒక పల్లె. 1908లో ఇక్కడే టాటా ఉక్కు కర్మాగార నిర్మాణం ప్రారంభమైంది. 1919లో ఊరి పేరు జంషెడ్‌పూర్‌గా మారింది. చుట్టుపక్కల సంతాలీలు, హో, భూమిజ్ ప్రజల గ్రామాలుండేవి. ఉపాధి కోసం తరలివచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి భాషకు 1950లోనే రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో చోటుండగా, ఈ నేల భాషయిన సంతాలీకి ఆ స్థానం 2003 నాటి 92వ సవరణతో గాని దక్కలేదు.

ఆ గుర్తింపు వెనుక భాషీయుల సుదీర్ఘ కృషి ఉంది. మయూర్‌భంజ్ ప్రాంతానికి చెందిన పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీ కోసం ఓల్ చికి లిపిని రూపొందించారు. బెంగాలీ, ఒడియా, దేవనాగరి, రోమన్ లిపుల మధ్య చీలిన భాషకు సొంత అక్షరాలుండాలన్నది ఆయన పట్టుదల. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1979లో ఆ లిపిని గుర్తించింది.

అయితే లిపి విషయంలో సంతాలీలందరిదీ ఒకే మాట కాదు. జంషెడ్‌పూర్ శివారు కరణ్‌డీహ్‌కు చెందిన ఆచార్య దిగంబర్ హాంస్దా భారత రాజ్యాంగాన్ని సంతాలీలోకి అనువదించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఒక సంఘంతో మాట్లాడి సంప్రదింపులు ముగిశాయనుకునే అధికారులు గమనించవలసిన విషయమిది.

షెడ్యూలులో చేరడానికి నిర్దిష్ట ప్రమాణాలు లేవు. 2011 జనగణన ప్రకారం షెడ్యూలులోని బోడో మాట్లాడేవారు 14.82 లక్షలు, బయట ఉన్న హో భాషీయులు 14.21 లక్షలు, కుడుఖ్ భాషీయులు 19.88 లక్షలు. హో భాషకు లాకో బోద్రా రూపొందించిన వారంగ్ చితి లిపి ఉంది. 2014లో యూనికోడ్‌లోనూ చేరింది. జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ 2020లో హో, ముండారీ, కుడుఖ్ భాషలను చేర్చాలని కేంద్రానికి లేఖ రాశారు.

జార్ఖండ్‌లో 2011లోనే ఈ భాషలు ద్వితీయ అధికార భాషలయ్యాయి. ఉద్యోగ పరీక్షల్లో ఏ జిల్లాలో ఏ భాష అన్న వివాదం మాత్రం వీధికెక్కింది. మూలవాసీల ఆందోళనలతో 2022 ఫిబ్రవరిలో ధన్‌బాద్, బొకారో జిల్లాల జాబితా నుంచి భోజ్‌పురి, మగహీలను తొలగించారు. నిబంధన రాసేముందు వినవలసిన మాటను రాశాక విన్నారన్నమాట.

రాజ్యాంగం 344వ అధికరణం ప్రకారం అధికార భాషా సంఘంలో సభ్యత్వం షెడ్యూలు భాషల ప్రతినిధులకే. సివిల్స్ మెయిన్స్ పరీక్షను సంతాలీ అభ్యర్థి తన భాషలో రాయవచ్చు. పొరుగూరి హో అభ్యర్థికి ఆ వీలు లేదు.