వార్సా నగరానికి ఎగిరిన లిబరేటర్లు



ప్రతి ఉత్సవ సంచికలో మన పూర్వీకుల ఓడ ప్రయాణాలను, చెరకు తోటలను, గుడులను గురించి చదువుతున్నాము. అది అవసరమే. కాని మనము పుట్టి పెరిగిన ఈ దక్షిణ ఆఫ్రికా చరిత్ర కూడ మన పిల్లలకు తెలియాలి. అందులో ఒక అధ్యాయమును చరిత్ర ఉపాధ్యాయుడిగా ఇక్కడ వ్రాస్తున్నాను. నాది సాయంకాల తరగతులలో నేర్చిన తెలుగు గనుక సులభమైన మాటలలోనే చెబుతాను.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో దక్షిణ ఆఫ్రికా వైమానిక దళానికి 31వ స్క్వాడ్రన్ అనే భారీ బాంబర్ దళం ఉండేది. అది 1944 ఆరంభంలో ఈజిప్టులో ఏర్పడింది. దాని విమానం పేరు లిబరేటర్, అనగా విమోచకుడు. అమెరికాలో తయారైనది. నాలుగు ఇంజన్లు, ఏడెనిమిది మంది సిబ్బంది. పైలట్లు, దారి చూపే నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, తుపాకుల దగ్గర గన్నర్లు, ఇలా ప్రతి ఒక్కరి ప్రాణం తక్కిన వారి చేతిలో ఉండేది.

1944 జూన్‌లో ఈ దళం ఇటలీలోని ఫోజ్జా పట్టణం దగ్గర గల చెలోనె స్థావరానికి మారింది. కొద్ది రోజులకు 34వ స్క్వాడ్రన్ కూడ వచ్చి చేరింది. రెండూ బ్రిటిష్ వారి 205వ గ్రూపులో భాగము. రుమేనియాలోని చమురు కేంద్రాల మీద, రైల్వే యార్డుల మీద బాంబులు వేయుట, డాన్యూబ్ నదిలో మైన్లు జారవిడుచుట ఆ గ్రూపు పనులు.

1944 ఆగస్టు 1న పోలండు రాజధాని వార్సాలో ప్రజలు జర్మన్ సేనల మీద తిరుగుబాటు చేసినారు. వారి దగ్గర ఆయుధాలు బహు తక్కువ. సోవియట్ సైన్యం ఆ నగరానికి చేరువలోనే ఉన్నది. అయినా సహాయ విమానాలు తమ స్థావరాలలో దిగుటకు స్టాలిన్ అనుమతి ఇవ్వలేదు. అందుచేత విమానాలు ఇటలీ నుండే వెళ్ళి ఇటలీకే తిరిగి రావాలి. రానుపోను సుమారు 2,800 కిలోమీటర్లు, పది పదకొండు గంటల ప్రయాణం. ఎక్కువ భాగం రాత్రి చీకటిలో, శత్రువుల భూమి మీదుగా.

బాంబులకు బదులు ఆయుధాలు, తూటాలు, ఆహారం, మందులు నింపిన గొట్టపు పెట్టెలను పారాచూట్లతో వేయాలి. అవి సరైన వీధిలో పడాలంటే విమానం 500 అడుగుల ఎత్తుకు దిగి, వేగం తగ్గించాలి. కింద నగరం మండుతున్నది. పొగలో విస్టులా నదిని, దాని వంతెనలను గుర్తు పట్టి దారి తెలుసుకోవాలి. అంత తక్కువ ఎత్తులో నెమ్మదిగా పోయే పెద్ద విమానాన్ని కొట్టుట జర్మన్ ఫిరంగులకు కష్టం కాదు.

ఒక లిబరేటర్‌కు వార్సా మీద గట్టి దెబ్బ తగిలింది. కెప్టెన్ పారాచూట్‌తో దూకినాడు. రెండవ పైలట్ రాబర్ట్ బర్జెస్ దూకలేదు. మిగిలిన వారితో ఆ విమానాన్ని తూర్పు వైపు నడిపి సోవియట్ భూమి మీద దింపినాడు. అతి చిన్న హోదా గల ఆ అధికారికి డి.ఎస్.ఓ. పతకం ఇచ్చినారు. సాధారణంగా అది పెద్ద అధికారులకే దక్కే పతకం.

205వ గ్రూపు అధిపతి జిమ్మీ డ్యూరంట్ కూడ దక్షిణ ఆఫ్రికా వాడే. ఈ ప్రయాణాల వలన యుద్ధపరంగా ఫలితం ఉండదని, మంచి సిబ్బంది నష్టపోతారని చర్చిల్‌కు ముఖాముఖి చెప్పినాడు. అయినా విమానాలు వెళ్ళినాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఇటలీ నుండి వెళ్ళిన వాటిలో ముప్పై దాకా తిరిగి రాలేదు. పెట్టెలలో చాలా భాగం శత్రువు చేతిలో పడినాయి. అక్టోబరు 2న తిరుగుబాటు ముగిసింది. లక్షన్నరకు తక్కువ కాకుండా పౌరులు చనిపోయినారని అంచనా.

పది రోజులకే 31వ స్క్వాడ్రన్‌కు మరొక దెబ్బ తగిలింది. అక్టోబరు 12 రాత్రి ఉత్తర ఇటలీలోని ప్రతిఘటన వీరులకు సామాను తీసుకుపోయిన ఆరు లిబరేటర్లు తిరిగి రాలేదు. ఆ రాత్రి కొండల మీద వాతావరణం అతి చెడ్డగా ఉండినది. 1945 డిసెంబరులో ఈ దళాన్ని రద్దు చేసినారు.

ఇప్పుడు మన సంగతి. దక్షిణ ఆఫ్రికాలో నిర్బంధ సైనిక సేవ లేదు. విమానాలు నడిపిన వారందరూ స్వచ్ఛందంగా చేరినవారే, అందరూ తెల్లవారే. భారతీయులు కూడ స్వచ్ఛందంగా చేరినారు. కాని వారికి ఇండియన్ అండ్ మలయ్ కోర్ అనే వేరు దళం. డ్రైవర్లుగా, స్ట్రెచర్లు మోసేవారుగా, వంటవారుగా పని చేసినారు. చేతికి తుపాకీ ఇవ్వలేదు. 1943లో, అదే యుద్ధం నడుస్తుండగా, డర్బనులో భారతీయులు తెల్లవారి నుండి ఇళ్ళు, స్థలాలు కొనకుండ పెగ్గింగ్ చట్టం వచ్చింది. 1946లో ఘెట్టో చట్టం వచ్చింది. విమోచకుడు అని పేరు గల విమానాన్ని వార్సాకు పంపిన ప్రభుత్వమే ఈ చట్టాలు చేసింది.

అందుచేత ఆ వైమానికులను మరచిపోవాలా? నా విద్యార్థులు ఈ ప్రశ్న అడిగేవారు. వద్దు అనే చెప్పేవాడిని. చట్టం చేసినది పార్లమెంటు. ఎన్నడూ చూడని ఊరి ప్రజలకు రొట్టె, మందు, తుపాకీ తీసుకొని పోయినది ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు. పోలండులోని క్రాకోవ్ యుద్ధ శ్మశానంలో వారిలో చాలామంది సమాధులు ఉన్నాయి. పోలిష్ ప్రజలు వారిని మరువలేదు. జొహానెస్‌బర్గులో ప్రతి సంవత్సరం వారి స్మృత్యర్థం సభ జరుగుతున్నది.

అయితే స్ట్రెచర్ మోసినవానిని కూడ అదే పాఠంలో చెప్పాలి. తుపాకీ లేకుండ యుద్ధభూమికి పోవుటకు తక్కువ ధైర్యం చాలదు. మీ ఇంటి పాత పెట్టెలో తాతగారి సైనిక పుస్తకమో, పతకమో ఉన్నదేమో చూడండి. ఉంటే ఆయన పేరు, పుట్టిన ఊరు, పని చేసిన చోటు ఒక కాగితం మీద వ్రాసి, పిల్లల చేత చదివించండి. ఆ పని మన సాయంకాల తరగతులలోనే మొదలు పెట్టవచ్చును.